ఉయ్యాలనాటి చదువు

బిడ్డ బోరగిలపడిననాడు బొబ్బట్లును, తొలి యడుగులు వేసిననాడు అరిసెలును చేసి ఇరుగుపొరుగులకు పంచిపెట్టుట తెలుగువారి ఇండ్లలో పూర్వమునుండి వచ్చుచున్న ముచ్చట. పరీక్షలో నెగ్గిన విద్యార్థిని మెచ్చుకొనినట్లే, ఇంకను మాటలైన రాని పసికందును పెద్దలు ఈ విధముగా మెచ్చుకొనుచున్నారు. ఇందొక సత్యము ఇమిడియున్నది. బోరగిలపడుట బిడ్డ స్వయముగా సాధించిన కార్యము. దానిని ఎవరును నేర్పలేదు, ఎవరును చేసిపెట్టలేదు. ఎన్నియో దినములు కాళ్లు విదల్చి, నడుము మెలిపెట్టి, ఒక ప్రక్కకు ఒరిగి, మరల వెల్లకిల పడి, తుదకొకనాడు బిడ్డ గెలిచెను.

కంటికి కనబడు ఈ గెలుపు వెనుక కనబడని గెలుపులు పెక్కు కలవు. పుట్టిననాడు శిశువు మెదడు బరువు పెద్దవారి మెదడు బరువులో సుమారు నాలుగవ వంతు మాత్రమే. రెండేండ్లు నిండునప్పటికి అది సుమారు నాలుగింట మూడు వంతులకు చేరును. పుట్టిన పిదప మనుష్యుని జీవితమున మెదడు ఇంత వేగముగా పెరుగు కాలము మరియొకటి లేదు. మెదడు పెరుగుటయనగా బరువు పెరుగుట మాత్రమే కాదు. అందలి నాడీకణముల నడుమ కోట్లకొలది సంబంధములు ఏర్పడును. బిడ్డ చూచిన ప్రతి వెలుగు, విన్న ప్రతి మాట, తాకిన ప్రతి వస్తువు ఆ సంబంధములను బలపరచును. పలుమారు నడచిన కాలిబాట నిలిచి, నడువని బాటపై గడ్డి మొలచి మాసిపోయినట్లు, వాడుకలోనున్న సంబంధములు గట్టిపడి, వాడుకలో లేనివి సన్నగిల్లును. పెద్దయైన పిదప మనుష్యుడు నేర్చుకొనలేడని దీని భావము కాదు. కాని పునాది పడునది ఈ వయస్సుననే. కావున పసిబిడ్డల ఆటలు వట్టి కాలక్షేపములు కావు. అవియే వారి చదువు.

ఈ సంగతిని లోకమునకు చాటిచెప్పినవారిలో మేరియా మాంటిసోరి అగ్రగణ్యురాలు. ఆమె 1870వ సంవత్సరము ఆగస్టు 31వ తేదీన ఇటలీ దేశమునందలి కియరవల్లె పట్టణమున జన్మించెను. స్త్రీలు వైద్యవిద్యను అభ్యసించుట మిక్కిలి అరుదుగానున్న ఆ దినములలో రోము విశ్వవిద్యాలయమున చదివి, 1896లో వైద్యపట్టమును పొందెను. పిదప ఆమె మానసిక చికిత్సాలయములను సందర్శించుచు, మందబుద్ధులని ముద్రవేయబడిన పిల్లలను చూచెను. ఒకచోట అట్టి పిల్లలను ఒక బోసిగదిలో ఉంచిరి. భోజనమైన వెంటనే వారు నేలపై పడిన రొట్టెపొడికై ప్రాకులాడుచుండిరి. అది వారి తిండిపోతుతనమని కాపలాకత్తె ఏవగించుకొనెను. మాంటిసోరి ఆ గదిని నలువైపుల పరికించెను. అందు ఆటవస్తువు లేదు. చేత పట్టుకొనుటకు మరియే వస్తువును లేదు. ఆ పిల్లల ఆకలి కడుపునకు సంబంధించినది కాదనియు, చేతులకు సంబంధించినదనియు ఆమె గ్రహించెనని ఆమె జీవితచరిత్రకారులు వ్రాసిరి. చేతులకు పనిలేనిచోట బుద్ధికి ఆహారము లేదనునది ఆమె నేర్చిన మొదటి పాఠము.

1907వ సంవత్సరము జనవరి 6వ తేదీన రోము నగరమున, నిరుపేదలు నివసించు శాన్ లొరెంజో పేటలో, ఆమె ఒక శిశువిహారమును ప్రారంభించెను. కూలిపనులకు పోవు తల్లిదండ్రుల బిడ్డలు అందు చేరిరి. ఒకనాడు మూడేండ్ల బాలిక యొకతె ఒక కొయ్యదిమ్మెలోని రంధ్రములనుండి గుండ్రని కొయ్యముక్కలను తీసి, మరల ఏ రంధ్రమునకు తగిన ముక్కను ఆ రంధ్రమున అమర్చుచుండెను. అమర్చుట ముగిసినంతనే మొదటినుండి ప్రారంభించుచుండెను. మాంటిసోరి లెక్కపెట్టజొచ్చెను. తక్కిన పిల్లలచేత పాటలు పాడించెను. ఆ బాలికను కుర్చీతోకూడ ఎత్తి బల్లపై నుంచెను. అయినను ఆమె దృష్టి చెదరలేదు. నలుబదికి పైగా పర్యాయములు ఆ పనిని చేసి, పిదప నిద్రనుండి లేచినదానివలె ప్రసన్నముగా నవ్వి, తనంతట తానే మానెను. ఆమెను ఎవరును ఆజ్ఞాపించలేదు. ఎవరును బహుమతి ఆశచూపలేదు. పసివారికి నిలకడ లేదనుమాట నిజము కాదనియు, తగిన పని దొరకినచో వారి ఏకాగ్రత పెద్దలకును ఆశ్చర్యము గొలుపుననియు దీనివలన తేటపడెను.

ఈ విదుషికి మన దేశముతో గాఢమగు సంబంధము కలదు. ఆమె 1939వ సంవత్సరము నవంబరులో తన కుమారుడు మేరియోతో కలిసి మద్రాసునకు వచ్చి, అడయారునందలి దివ్యజ్ఞాన సమాజ ఆవరణమున ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చెను. దేశము నలుమూలలనుండి సుమారు 300 మంది ఆ శిక్షణకు వచ్చిరి. తెలుగు జిల్లాలు పెక్కు ఆనాడు మద్రాసు రాజధానిలోనే యుండెను. 1940 జూనులో ఇటలీ యుద్ధమున ప్రవేశించుటచే ఇటలీ దేశస్థులు శత్రుపక్షమువారుగా ఎంచబడిరి. మేరియోను అహమ్మదునగరమున నిర్బంధించిరి. ఆమె 70వ జన్మదినము నాటికి ఆతనిని విడిచిపుచ్చిరి. అయినను యుద్ధకాలమంతయు వారు ఈ దేశముననే ఉండవలసివచ్చెను. కొడైకెనాలులోను ఇతర ప్రదేశములలోను ఆమె పిల్లలను, వారిలోను మూడేండ్లలోపు శిశువులను, శ్రద్ధగా పరిశీలించెను. అహమ్మదాబాదులో ఆమె చేసిన ఉపన్యాసములే 1949లో ‘ది అబ్సార్బెంట్ మైండ్’ అను గ్రంథముగా వెలువడెను. స్పంజి నీటిని పీల్చుకొనినట్లు, పసిబిడ్డ మనస్సు తన చుట్టునున్న లోకమును ప్రయత్నము లేకయే పీల్చుకొనునని అందు వివరింపబడినది. ఆమె 1952 మే 6వ తేదీన హాలండు దేశమున మరణించెను.

మాంటిసోరి బోధించిన దానిని ఇంటియందు ఆచరించుటకు విలువగల సామగ్రి అక్కరలేదు. బిడ్డ వయస్సునకు తగిన వస్తువు నొకదానిని అందించుట, బిడ్డ దానితో పనిచేయుచుండగా అడ్డుపడకుండుట, శ్రద్ధగా గమనించుట, ఈ మూడును చాలును.

పుట్టిన శిశువునకు సుమారు 20 మొదలు 30 సెంటీమీటర్ల దూరములోని వస్తువులే స్పష్టముగా కనబడును. పాలిచ్చు తల్లి ముఖమునకును బిడ్డకును నడుమ నుండు దూరము ఇంచుమించుగా అంతియే. కావున తొలి ఆటవస్తువు తల్లి ముఖము. తొలి సంగీతము ఆమె మాట. బిడ్డ ‘ఊఁ’ అనినప్పుడు పెద్దవారును ‘ఊఁ’ అని బదులు పలికి, ఒక్క క్షణము ఆగినచో, బిడ్డ మరల పలుకును. సంభాషణమనునది ఇచ్చటనే మొదలగును. లేత రంగులకంటె నలుపు తెలుపుల భేదము ఈ వయస్సున తేలికగా తెలియును. తెల్లకాగితముపై మసిబొగ్గుతో గీసిన లావుపాటి గీతలు, వలయములు బిడ్డ చూడ్కిని నిలుపును. ఉయ్యాలకు చిలుకల పందిరి కట్టుట మన పెద్దల వాడుక. అందును ఒక్కసారి పది వ్రేలాడుటకంటె ఒకటి రెండు నెమ్మదిగా కదలుట మేలు.

మేలుకొనియున్నప్పుడు శిశువును చాపపై బోరగిల పరుండబెట్టి ఎదుట కూర్చుండవలెను. తల యెత్తుటకు చేయు ప్రయత్నముచే మెడయు, భుజములును, వెన్నును బలపడును. ఇంకను ప్రాకలేని శిశువులకు ఇట్టి అవకాశము దినమునకు కొద్దికొద్దిగా మొత్తము అరగంటయైన ఉండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించెను. నిద్రించునప్పుడు మాత్రము వెల్లకిలనే పరుండబెట్టవలెను.

మూడవ నెల మొదలు బిడ్డ తన చేతులను తానే వింతగా చూచుకొనును. నాలుగైదు నెలలకు వస్తువులకై చేయి చాచును. పిదప ఒక చేతినుండి మరియొక చేతికి మార్చుకొనును. ఈ దశయందు పట్టుకొనుటకు అనువగు తేలిక గిలక గాని, నునుపైన కొయ్యకడియము గాని ఇచ్చుట మంచిది. అనకాపల్లి జిల్లాలోని ఏటికొప్పాక గ్రామమున అంకుడుకొయ్యను తరిమెన పట్టి, లక్కలో ప్రకృతిసిద్ధములగు రంగులు కలిపి పూసి బొమ్మలు చేయుదురు. 2017లో వీనికి భౌగోళిక గుర్తింపు లభించెను. అయినను ఏ బొమ్మయైనను బిడ్డ చేతికిచ్చుటకు ముందు ఊడిపోవు భాగములు లేవని పరీక్షింపవలెను. వస్తువును బిడ్డ చేతిలో పెట్టుటకంటె కొంచెము దూరమున నుంచి, దానిని తానే అందుకొనువరకు ఓపిక పట్టుట ముఖ్యము. ఆ చాపబడిన చేతిలోనే చదువున్నది.

ఆరవ నెల దాటి బిడ్డ కూర్చుండనేర్చిన పిదప మరియొక ఆట తగియుండును. ఎలినార్ గోల్డ్‌ష్మీడ్ అను ఆంగ్ల విద్యావేత్త దీనికి ‘నిధిబుట్ట’ అను భావము వచ్చునట్లు పేరు పెట్టెను. అంచు తక్కువగానున్న వెదురుబుట్టలో ఇంటి వస్తువులను ఉంచి బిడ్డ ముందు పెట్టవలెను. కొయ్యగరిటె, చిన్న ఇత్తడిగిన్నె, స్టీలు గ్లాసు, నునుపు చేసిన కొబ్బరిచిప్ప, నూలుగుడ్డ, పట్టుగుడ్డ, పెద్ద నిమ్మపండు, ఇవియన్నియు అందుకు తగినవి. ఇత్తడి చల్లగా నుండును, కొయ్య అట్లుండదు. గిన్నె బరువు, గుడ్డ తేలిక. గరిటెతో గిన్నెను కొట్టినచో మ్రోగును. గుడ్డను కొట్టినచో మ్రోగదు. ఏ వస్తువునకు ఆ వస్తువే ఒక పాఠము. అంగడిలో కొన్న ప్లాస్టిక్కు బొమ్మలు పది యున్నను, స్పర్శయందును బరువునందును వానికి భేదము స్వల్పము. బిడ్డ ప్రతి వస్తువును నోట పెట్టుకొనును. అది దుర్గుణము కాదు. నాలుకయు పెదవులును ఆ వయస్సున పరీక్షాసాధనములు. కావున వస్తువులను కడిగి, మొనలును పెచ్చులును లేకుండ చూచి, ఆ పిదపనే బుట్టలో నుంచవలెను.

ఎనిమిది తొమ్మిది నెలల వయస్సున ఒక గొప్ప మార్పు వచ్చును. అంతకుముందు కంటికి మరుగైన వస్తువు బిడ్డకు లేనట్లే. ఇప్పుడు కనబడకున్నను వస్తువు ఉన్నదని తెలియనారంభించును. చెంబును తుండుగుడ్డక్రింద దాచినచో గుడ్డ తొలగించి వెదకును. అమ్మ కొంగుచాటున ముఖము దాచి మరల చూపినప్పుడు కిలకిల నవ్వును. అట్టపెట్టెకు బంతి పట్టునంత రంధ్రము చేసి, ప్రక్కన బంతి దొరలివచ్చుటకు మరియొక ద్వారము పెట్టినచో, బిడ్డ బంతిని వేసి, మాయమగుట చూచి, మరల కనుగొని సంతోషించును. మాంటిసోరి పద్ధతి ననుసరించు శిశుగృహములలో ఇట్టి పెట్టెను కొయ్యతో చేయుదురు. ఇంటిలో పాత అట్టపెట్టె సరిపోవును.

ఈ వయస్సుననే పెద్దలకు విసుగు పుట్టించు ఆట ఒకటి మొదలగును. అక్క ఒడిలో కూర్చున్న తమ్ముడు చెంచాను క్రింద పడవేయును. అక్క తీసియిచ్చును. మరల పడవేయును. నాలుగవసారికి అక్కకు కోపము వచ్చి, చెంచాను లాగికొనును, బిడ్డ ఏడ్చును, ఏడ్పు మాన్పుటకు సెల్‌ఫోనులోని బొమ్మలు చూపబడును. నిజమునకు ఆ బిడ్డ అల్లరి చేయలేదు. విడిచిన వస్తువు ప్రతిసారియు క్రిందికే పోవునా, చప్పుడు ప్రతిసారియు వచ్చునా, అక్క ప్రతిసారియు తీసియిచ్చునా అని పరీక్షించుచుండెను. శాన్ లొరెంజో పేటలోని బాలిక కొయ్యముక్కలను నలుబదికి పైగా పర్యాయములు అమర్చుటయు, ఈ బిడ్డ చెంచాను పదిసార్లు పడవేయుటయు ఒక్కజాతి పనులే. చెంచా లాగికొనినప్పుడు పోయినది చెంచా మాత్రమే కాదు. సగములో నున్న ఆలోచనయు పోయినది. దానికి బదులుగా వచ్చిన ఫోనులో బొమ్మలు కదలును గాని బిడ్డ చేతులు కదలవు. మాటలు వినబడును గాని బిడ్డ పలుకునకు బదులు రాదు. ఏడాదిలోపు శిశువులకు తెరబొమ్మలు చూపవలదనియు, రెండేండ్ల బిడ్డకును దినమునకు ఒక గంట మించరాదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తెలిపినది.

నడక నేర్చు వయస్సున బిడ్డకు స్వేచ్ఛ కావలెను. మూడు చక్రముల కొయ్యబండి మన యిండ్లలో చిరకాలమునుండి కలదు. దానిని పట్టుకొని బిడ్డ తన కాళ్లపై తానే నిలిచి, తన బలముతోనే ముందునకు త్రోయును. కూర్చుండబెట్టి తిరుగనిచ్చు చక్రపు కుర్చీబండి అట్టిది కాదు. అది నడక నేర్పదు; మెట్లపైనుండి దొర్లిపడు ప్రమాదము కూడ కలదు. ఈ కారణముచేతనే కెనడా ప్రభుత్వము 2004లో అట్టి బండ్ల అమ్మకమును నిషేధించెను. ఏడాది దాటిన బిడ్డకు ఇంటిపనియే ఆట. ఉల్లిపాయలను పళ్లెమునుండి బుట్టలోనికి మార్చుట, డబ్బాలకు తగిన మూతలు పెట్టుట, తుండుగుడ్డ మడుచుట, చిన్న చెంబుతో మొక్కకు నీరు పోయుట, ఇవియన్నియు బిడ్డకు పండుగలు. నీరు కొంత ఒలుకును. ఒలికిన నీటిని గుడ్డతో తుడుచుటయు మరియొక పాఠమే.

స్వేచ్ఛ ఇచ్చుటయనగా ఏమరియుండుట కాదు. బిడ్డ పిడికిలిలో దాగునంతటి చిన్న వస్తువు ఏదియు అందుబాటున ఉండరాదు. చింతపిక్కలు, వేరుసెనగ గింజలు, నాణెములు, గుండీలు గొంతునకు అడ్డుపడి ప్రాణము తీయును. గడియారములలోను ఆటబొమ్మలలోను ఉండు బిళ్ల బ్యాటరీ మ్రింగబడినచో రెండు గంటలలోనే అన్ననాళమును కాల్చును. వెంటనే ఆసుపత్రికి గొనిపోవలెను. పొడవైన త్రాళ్లను బొమ్మలకు కట్టి బిడ్డకడ విడువరాదు. నీటి బకెట్టు దగ్గర బిడ్డను ఒంటరిగా నుంచరాదు. ప్రతి బిడ్డయు ఒకే దినమున ఒకే పని చేయదు. ఆ భేదమునకు కలవరపడవలసిన పనిలేదు. కాని నాలుగు నెలలు నిండినను మెడ నిలుపకున్నను, చప్పుడునకు స్పందించకున్నను వైద్యునికి చూపుట అవసరము.

ఇంత చిన్న ఆటలవలన నిజముగా లాభము కలుగునా యను సందేహము కలుగవచ్చును. దానికి జమైకా దీవి సమాధానమిచ్చినది. అచ్చటి కింగ్‌స్టన్ నగరములోని పేదవాడలలో వయస్సునకు తగిన ఎత్తు ఎదుగని 129 మంది శిశువులతో 1986, 1987 సంవత్సరములలో ఒక పరిశోధన ప్రారంభింపబడినది. అప్పటికి వారి వయస్సు 9 మొదలు 24 నెలలు. వారిలో కొందరి యిండ్లకు ఆరోగ్య కార్యకర్తలు రెండేండ్లపాటు వారమునకొక గంట వెళ్లి, ఇంట పారవేయు వస్తువులతో చేసిన ఆటబొమ్మలతో తల్లియు బిడ్డయు ఎట్లు ఆడుకొనవలెనో చూపిరి. ఇరువది యేండ్లు గడచిన పిదప చూడగా, అట్లు ఆటలు నేర్చిన బిడ్డలు అట్టి సహాయము పొందని వారికంటె సుమారు నూటికి 25 వంతులు ఎక్కువగా సంపాదించుచుండిరి. ఆ బొమ్మలు పాత సీసాలతోను అట్టముక్కలతోను చేసినవి. వాని వెల ఇంచుమించు శూన్యము. వాని ఫలము జీవితకాలపు సొత్తు.

మన దేశమున 1975 అక్టోబరు 2వ తేదీన ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకము వలన పల్లెపల్లెన అంగన్‌వాడీలు వెలసినవి. 2024లో కేంద్ర ప్రభుత్వము ‘నవచేతన’ అను పేర, పుట్టుక మొదలు మూడేండ్ల వరకు గల శిశువులను ఇంటియందే ఆటపాటలతో పెంచు విధమును వెలువరించినది. ఈ విద్యకు పాఠశాల ఇల్లే. అందు గురువులు తల్లిదండ్రులు మాత్రమే కారు. అమ్మమ్మయు, నాయనమ్మయు, తాతయు గురువులే. తల్లి పొలమునుండియో పనినుండియో వచ్చువరకు తమ్మునో చెల్లెలినో ఎత్తుకొని ఆడించు అక్కయు, అన్నయు గురువులే. వారికి డబ్బుతో పనిలేదు; పెద్దచదువుతోను పనిలేదు. నేలపై పరచిన చాప, శుభ్రమైన గరిటె, కొంచెము ఓపిక ఉన్నచో చాలును. బిడ్డ పడవేసిన చెంచాను పదకొండవసారి కూడ చిరునవ్వుతో తీసియిచ్చువారు ఒక మనుష్యుని బుద్ధికి పునాదిరాయి వేయుచున్నవారు.